ఒంటికి పట్టని రొట్టె

ఔసర్ద్ శిబిరంలో మా గుడారపు నిట్రాడ మీద
మగ్లాహా పేరున మూడు గీతలు.
ఆరేళ్ళకొకటి, ఏడేళ్ళకొకటి, ఎనిమిదేళ్ళకొకటి.
మూడింటి మధ్యా చీమ దూరే సందు లేదు.
పక్కనే లెహ్బీబ్ గీతలు
మేకపిల్లల్లా ఒకదాన్నొకటి దూకుతూ పైకి పోయాయి.
ఒకే తల్లి పాలు, ఒకే సంచి పిండి.

సంచి ప్రతి నెలా లారీలో వచ్చేది.
దాని మీద ఎవరివో జెండాలు,
'అమ్మకానికి కాదు' అన్న ముద్ర.
ఈ రాళ్ళ ఎడారిలో మేం సహరావీలం తిన్నదంతా
ఎవరో ఎక్కడో పండించిందే.
నిప్పుల కింద ఇసుకలో అమ్మ కాల్చిన రొట్టెను
దులిపి, విరిచి, పెద్ద ముక్క దానికే పెట్టేవాళ్ళం.
పెట్టింది నేనే.
అది ముందు చెప్పాలి. మిగతావి తర్వాత.

పొట్ట కుండ, కాళ్ళు పుల్లలు.
తిన్నది ఒంటికి పట్టడం లేదని అమ్మమ్మ,
దిష్టేనని తాయెత్తు కట్టింది.
ట్యాంకు నీళ్ళదే తప్పంది అత్త.
నేనేమీ అనలేదు.
ముక్కు మూసి, నోరు తెరిపించి
ఇంకో ముక్క కుక్కాను.
నా వేలు కొరికింది.
చెంప మీద కొట్టాను.
ఆ రాత్రి మూడుసార్లు బయటికి పరిగెత్తింది,
వెనకాల లాంతరు పట్టుకుని నేను, సణుగుతూ.

దాని రక్తం సీసాలో ఎటో వెళ్ళి
ఏడు వారాలకి కాగితమై తిరిగొచ్చింది.
సీలియాక్ అని రాసుంది.
నర్సు సలామూ మా తివాచీ మీదే కూర్చుని
టీ గ్లాసు కాస్త వంచింది.
నూగు దట్టంగా ఉన్నచోట టీ ఇంకిపోయింది.
గుమ్మం దగ్గర, ఇరవై ఏళ్ళ పాదాలు అరగదీసిన చోట,
జారి, పారి, ఇసుకలో కలిసింది.
"పేగు లోపల ఇలాంటి నూగే ఉంటుంది.
గోధుమపిండి సాగుతుంది చూశారా,
ఆ జిగురు పేరు గ్లూటెన్.
అది అడుగుపెడితే చాలు
ఈ పిల్ల ఒంట్లో కాపలావాళ్ళు దొంగ దొంగ అని మంట పెడతారు.
కాలేది మాత్రం ఇంట్లో తివాచీ.
ఇంక ఎముకకి సున్నం ఎలా చేరుతుంది, నెత్తురుకి ఇనుమెలా?
మందు లేదు. మానడమే మందు."
బార్లీ కూడానా, అంది అమ్మమ్మ. బార్లీ కూడా.
చిటికెడైనా? చిటికెడైనా.
అమ్మమ్మ తాయెత్తు వంక చూసింది,
పిండి సంచి వంక చూసింది,
చాలాసేపు.

ఇప్పుడు మాకు రెండు మూకుళ్ళు.
ఒకదాని పిడికి ఎర్ర దారం.
దానికి బియ్యం, పప్పు, మేకపాలు.
మొక్కజొన్న పిండి వచ్చిన నెల వస్తుంది.
రాని నెల మేం బియ్యం ముట్టం.
రొట్టె విరిచిన చేత్తో లెహ్బీబ్ దాని జడ లాగబోయి,
ఆగి, వెళ్ళి చేతులు కడుక్కునొచ్చి,
అప్పుడు లాగుతాడు.

అన్నిటికన్నా కష్టం ఒక్క మాట దగ్గరొచ్చింది.
పెట్టింది వద్దనడమంటే మాలో
మొహం మీద గుడారం తెర దించినట్టు.
ఆ మాటే నేర్పాను దానికి,
కొట్టిన చేత్తోనే గడ్డం పట్టుకుని:
"వద్దు. నాకు పడదు."
ఇంకా గట్టిగా. మళ్ళీ.

సెల్కా ఇంట పెళ్ళిలో అందరి ముందూ అనేసింది.
సెల్కా మొహం మాడిపోయింది.
పళ్ళెం వెనక్కి తీసుకుంది.
వారం రోజులు మాతో మాటల్లేవు.

ఎనిమిదో రోజు ఇసుకగాలి.
కళ్ళు తప్ప అంతా మెల్హఫా చుట్టుకుని
తెర ఎత్తుకుని వచ్చింది సెల్కా.
చేతిలో రేకు డబ్బా, మూత చుట్టూ ఎర్ర దారం.
"మీ మూకుడికి చూశాన్లే," అంది.
"డబ్బా కొత్తది. నీళ్ళు వేరే. చేతులు రెండుసార్లు కడిగాను."
లోపల ఉడికించిన గుడ్డొకటి.

మగ్లాహా నా వంక చూసింది.
నేను తల ఊపలేదు. దాని నోరు దానిది.
కాసేపు ఆలోచించి
గుడ్డు తీసుకుని, నిట్రాడకేసి టక్కున కొట్టి,
"ఉప్పుందా?" అంది.